నా కోసం ఆగిన ముద్ద

మా ఆవిడ నాకు మేనమామ కూతురు. వాళ్ళ నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టరు, మా నాన్న యార్డులో పాయింట్స్‌మన్. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే రైల్వేలో కుదురుకున్నారు. నేను గూడ్స్ బండ్లు నడిపే లోకో పైలట్‌నయ్యాను. మా ఉద్యోగంలో డ్యూటీకి వెళ్ళడానికి ఒక టైమంటూ ఉంటుంది గాని, ఇంటికి రావడానికి ఉండదు. కోర్బాలో బొగ్గు ర్యాకు, అంటే నిండు వ్యాగన్ల వరస, పట్టుకుని బయల్దేరామంటే ఏ స్టేషన్లో పక్క లూపు లైన్లో ఎంతసేపు నిలబెడతారో చెప్పలేం.

పెళ్ళయిన కొత్తలో ఓసారి తెల్లారి రావలసినవాణ్ణి పొద్దు వాలాక వచ్చాను. ఆమె అప్పటిదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఇదేం పనంటే, వాళ్ళమ్మ కూడా అంతేనంది. నాన్న షెడ్ నుంచి వచ్చి, నూనె చేతులు సబ్బుతో తోముకుని, పీట మీద కూర్చున్నాకే అమ్మ తన కంచం తీసుకునేదట. రైలు మనిషి ఇంట్లో ఆడవాళ్ళ ఆకలికి గడియారం ఉండదని నవ్వింది. నేను చాలాసార్లు చెప్పి చూశాను. కొన్నాళ్ళకి చెప్పడం మానేశాను. ఆమె కూడా అడిగినప్పుడల్లా "తినీసాను" అనడం నేర్చుకుంది. నేను వచ్చి వంటింట్లోకి తొంగి చూస్తే రెండు కంచాలూ తడి అంటకుండా బోర్లించే ఉండేవి.

నలభై దాటాక ఆమెకి షుగరొచ్చింది. మా కాలనీలో షుగరు లేని ఇల్లు వెతకాలి కాబట్టి ఇద్దరం పెద్దగా కంగారు పడలేదు. మాత్రలేసుకునేది, టీలో చక్కెర మానేసింది, పొద్దున్నే చోడంబలి, అదే రాగి జావ, తాగేది. ఆ చోళ్ళు నేను డ్యూటీ లేని రోజున వ్యాపార్ విహార్ టోకు బజారుకి వెళ్ళి మూటలెక్కన తెచ్చేవాణ్ణి. ఏళ్ళు అలాగే గడిచాయి. తరవాత ఓ ఎండాకాలం సాయంత్రాలు ఆమె కాళ్ళు వాయడం మొదలుపెట్టాయి. చెప్పులు విప్పితే వార్ల గుర్తులు చాలాసేపు పాదాల మీద అలాగే ఉండిపోయేవి. ముఖం కూడా పొద్దున్న లేచేసరికి ఉబ్బరించి ఉండేది. పరీక్షలు చేయిస్తే షుగరు కిడ్నీల దాకా పాకిందన్నారు.

కిడ్నీ డాక్టరమ్మది మా ఆవిడ వయసే ఉంటుంది. హిందీలో మెల్లగా, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పేది. పాడైన భాగం తిరిగి బాగుపడదని, మిగిలినదాన్ని ఎన్నాళ్ళు కాపాడుకుంటామన్నదే మన చేతిలో ఉందని మొదటి రోజే చెప్పేసింది. దానికి మూడు కావాలంది. బీపీ అదుపులో ఉండాలి, షుగరు అదుపులో ఉండాలి, కొలెస్టరాల్ మాత్ర మానకూడదు. ఎన్నేళ్ళుగానో వేసుకుంటున్న పాత షుగరు మాత్ర ఈ కిడ్నీలకి ఇక పనికిరాదని ఆపించి, ఇన్సులిన్ రాసింది. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి. సూది వేసుకున్నాక భోజనం ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పింది. మా ఆవిడ తలూపింది. నేనూ ఊపాను.

అసలు తంటా తిండి దగ్గరొచ్చింది. ఇన్నేళ్ళూ షుగరు కోసం నేర్చుకున్నదంతా సగం తిరగబడింది. రక్తంలో పొటాషియం ఎక్కువుందని కొబ్బరినీళ్ళు వద్దన్నారు, టమాటా తగ్గించమన్నారు, ఆకుకూర ఉడికించి నీళ్ళు పారబోయమన్నారు. పప్పు కొలిచి తినమన్నారు. చోళ్ళు తగ్గించి, చిన్న గిన్నెడు తెల్లన్నం తినొచ్చన్నారు. ఆ రోజు ఇంటికొస్తూ ఆటోలో ఆమె ఒకటే నవ్వు. "షుగరు డాక్టరు వెలేసిన తెల్లన్నాన్ని ఈవిడ పిలిచి పీటేసింది, బావా" అంది.

ఉప్పు దగ్గర మాత్రం ఆ నవ్వు లేదు. ఏటా ఊరు నుంచి ఎవరు వచ్చినా మాకు ఎండు మెత్తళ్ళ చేపలు తెచ్చేవాళ్ళు. మా ఇంట్లో వంకాయలో మెత్తళ్ళు వండితే పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ వాళ్ళు కిటికీ మూసుకునేవారు, మేం తలుపు మూసుకుని తినేవాళ్ళం. ఆ డబ్బా, ఆవకాయ జాడీ ఆమె తనే తీసి మా అమ్మాయి రాయ్‌పూర్ నుంచి వచ్చినప్పుడు సంచిలో పెట్టి పంపించేసింది. నేను తింటానుగా, ఉంచొచ్చుగా అంటే, నువ్వు తింటుంటే నాకు వాసన ఎవరు ఆపుతారంది. అప్పటి నుంచి ఇంట్లో నాకూ చప్పిడి కూరే. కొన్నాళ్ళకి అలవాటైపోయింది. బెండకాయకి ఇంత సొంత రుచి ఉందని నాకు యాభై దాటాకే తెలిసింది.

ఇన్సులిన్ మొదలెట్టిన ఏడాదికో ఏమో, మీటర్‌లో అంకెలు తగ్గడం మొదలుపెట్టాయి. ముందు ఎన్ని చేసినా దిగని షుగరు, మందు పెంచకుండానే దిగుతోంది. పరగడుపున చూస్తే మామూలు మనిషికి ఉన్నంతే ఉండేది. ఆమె ఆ మీటర్ పట్టుకుని నా దగ్గరికొచ్చి, పరీక్ష పాసైన పిల్లలా చూపించేది. నేను పొంగిపోయాను. పక్కింటావిడకి చెప్పాం, అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాం. ఆ ఆదివారం ఇద్దరం బుధవారీ బజారులో తిరిగి, మన తెలుగువాళ్ళ గుడికెళ్ళి దండం పెట్టుకుని వచ్చాం. మధ్యమధ్య ఆమెకి చెమటలు పట్టేవి, చేతులు కాస్త వణికేవి. ఎండలకేమో అనుకున్నాం.

ఆ రోజు నేను కోర్బా నుంచి బొగ్గు ర్యాకుతో వస్తున్నాను. పొద్దున్నే, టిఫిన్ వేళకి దిగిపోవాలి. గటోరా దాటేదాకా పచ్చ సిగ్నళ్ళే పడ్డాయి. లాల్‌ఖదాన్ దగ్గరికొచ్చేసరికి ఎర్ర సిగ్నల్. ముందు యార్డులో చోటు లేదన్నారు. ఆగాం. మా అసిస్టెంటు నీళ్ళు తాగి, ఇంజిను ఓసారి చుట్టూ చూసొచ్చాడు. లైను పక్క ఇళ్ళలో ఆడవాళ్ళు గిన్నెలు తోముకోవడం, బట్టలారేయడం అన్నీ కనిపిస్తున్నాయి. అక్కణ్ణుంచి మా క్వార్టరు ఎంతో దూరం లేదు. సైకిలుంటే ఇంటికెళ్ళి రావచ్చునని మేం వేళాకోళంగా అనుకోవడం మామూలే. బండి మీద ఉండగా ఫోను కట్టేసి ఉంచాలి కాబట్టి ఇంటికి చెప్పే వీలు లేదు. ఎండ నెత్తికెక్కాక గాని సిగ్నల్ పడలేదు. యార్డులో బండి అప్పగించి, సంతకాలు అయ్యి, ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది.

తలుపు దగ్గరికి వేసి ఉంది. ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఉంది. జాకెట్టు, చీర కుచ్చిళ్ళు తడిసిపోయి ఉన్నాయి. ముందు కుళాయి కింద తడిసిందనుకున్నాను. దగ్గరికెళ్తే అదంతా చెమట. నా వైపు చూసింది గాని ఆ చూపులో నేను లేను.

"సాబ్ సో రహే హైఁ," అంది హిందీలో, చాలా మర్యాదగా. "ఆధా ఘంటా బాద్ ఆనా, భయ్యా."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తరవాత గుర్తొచ్చింది. వెనకటి రోజుల్లో డ్యూటీ పడితే ఫోనొచ్చేది కాదు, కాల్ బుక్ పట్టుకుని ఓ మనిషి ఇంటికొచ్చి తలుపు కొట్టేవాడు. నేను అలిసి పడుకుని ఉంటే ఆమె గుమ్మంలోనే అతన్ని ఆపి, సాబ్ నిద్రపోతున్నారు, ఓ అరగంట ఆగి రా అని బతిమాలి పంపేది. ఇప్పుడు నన్నే ఆ మనిషనుకుంటోంది. ఒళ్ళు తెలియని స్థితిలో కూడా నా నిద్రకి కాపలా కాస్తోంది.

పొయ్యి గట్టు మీద ఇడ్లీలు మూత పెట్టి ఉన్నాయి, పక్కనే వాడేసిన సూది ఉంది. రెండు కంచాలూ బోర్లించి ఉన్నాయి. సూది వేసుకుందని, తినలేదని అప్పుడు అర్థమైంది. నేను పెట్టిన కేక విని పక్కింటావిడ కొబ్బరిబొండాం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అది వద్దని, చక్కెర డబ్బా తీసి గ్లాసులో నీళ్ళలో కలిపి ఆమె పెదాలకి ఆనించాను. మింగుతోందా లేదా అని గొంతు మీద వేలు పెట్టి చూశాను. మింగింది. మొదట నా చెయ్యి తోసేసింది, పరాయి మగాడు ముట్టుకున్నట్టు. పక్కింటావిడ వెనకనుంచి పట్టుకుని, పీ లే దీదీ, పీ లే అంటూ తాగించింది. మీటర్‌లో చూస్తే యాభై కూడా లేదు. ఇంకాస్త చక్కెర నీళ్ళు పట్టి, మళ్ళీ చూశాను. అంకె పైకి రావడం మొదలయ్యాక ఆమె కళ్ళు మెల్లగా నా మీద నిలిచాయి.

"వచ్చీసావా బావా," అంది. తరవాత తడిసిన చీర చూసుకుని, "ఏటయింది నాకు?" అంది.

ఆ గడప మీదే ఆమె పక్కన కూర్చుని ఇడ్లీలు తినిపించాను. పక్కింటావిడ ఉందని సిగ్గుపడింది గాని నోరు తెరిచింది. రెండు ముద్దలయ్యాక, నువ్వు తిన్నావా అని అడిగింది. నేను ఇంకో ముక్క తుంచి ఆమె నోటికి అందించాను.

ఆ సాయంత్రమే కిడ్నీ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాం. జరిగిందంతా చెప్పి, అయినా కొన్ని వారాలుగా షుగరు చాలా బాగుందని మీటర్ చూపించాను. ఆవిడ ఆ అంకెలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసింది. ముఖంలో మాకున్న సంతోషం లేదు. ఇంత తగ్గుతుంటే నాకెందుకు చెప్పలేదని అడిగింది. కోప్పడలేదు. బాగుపడుతున్నాం కదా, చెప్పేదేముందని మా ఆవిడ అంది.

అప్పుడావిడ విడమరిచి చెప్పింది. వేసుకున్న ఇన్సులిన్‌ని పనయ్యాక ఒంట్లోంచి తీసేసే బాధ్యతలో కిడ్నీలకి పెద్ద వాటా ఉందట. అవి నీరసించే కొద్దీ ఆ మందు తొందరగా ఖర్చవదు. ఒంట్లోనే ఉండిపోయి, అవసరం తీరాక కూడా షుగర్ని దించుతూనే ఉంటుంది. పైగా ఈ జబ్బులో ఆకలి తగ్గుతుంది, తిండీ తగ్గుతుంది. అందుకని నిన్న సరిపోయిన మోతాదే ఇవాళ ఎక్కువైపోతుంది. షుగరు దానంతటది దిగుతోందంటే చాలాసార్లు సంబరపడాల్సింది కాదు, వెంటనే వచ్చి చెప్పాల్సిందంది.

మా ఆవిడ చాలాసేపు చేతిలో ఉన్న రుమాలు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. తరవాత నా వైపు తిరిగి తెలుగులో అడిగింది. "అంటే బాగుపడినట్టు కాదా, బావా?"

డాక్టరమ్మకి తెలుగు రాదు. కానీ ఆ ప్రశ్న అర్థమైనట్టుంది. కుర్చీ ముందుకి జరుపుకుని ఆమె చెయ్యి పట్టుకుంది. మోతాదు తగ్గించి రాస్తున్నానని, ఇకమీద మరీ తక్కువ అంకె కోసం వెంటపడొద్దని, కాస్త ఎక్కువున్నా పడిపోకుండా ఉండడం ముఖ్యమని చెప్పింది. ఇక సూది వేసుకున్నాక ఎవరికోసమూ ఆగకూడదంది. మా ఆవిడ తల వంచుకుని, ఆయన రాకుండా నాకు ముద్ద దిగదు మేడమ్ అని హిందీలో మెల్లగా చెప్పింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆ సంగతి మీ ఇద్దరూ ఇంటి దగ్గర తేల్చుకోండన్నట్టుంది ఆ చూపు.

ఇంకో మాట కూడా ఆ రోజే బయటపడింది. మందులన్నీ బల్ల మీద పెట్టమంటే కొలెస్టరాల్ మాత్రల అట్ట దాదాపు నిండుగా ఉంది. ఎవరో ఫోనులో వీడియో పంపారట, ఆ మాత్రలు కిడ్నీల్ని తినేస్తాయని. అదీకాక రిపోర్టులో కొలెస్టరాల్ సరిగ్గానే ఉంది కదా, కిడ్నీలకి ఒక బరువైనా తగ్గిద్దామని మానేసిందట. నాకు చెబితే కంగారు పడతానని చెప్పలేదు. డాక్టరమ్మ నవ్వింది. మీరు కిడ్నీల మీద జాలిపడి మానేశారు, కానీ ఈ మాత్ర గుండె కోసమంది. షుగరూ కిడ్నీ జబ్బూ కలిసి ఉన్నవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం భయం మిగతావాళ్ళకన్నా ఎక్కువని, రిపోర్టులో అంకె బాగున్నా రక్తనాళాలకి ఈ కాపలా ఉండాలని చెప్పింది. కిడ్నీని బట్టి ఏ రకం, ఎంత మోతాదన్నది చూసుకోవడం నా పని, ఒళ్ళు నొప్పులు పెడితే నాకు చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దంది. మా ఆవిడ అక్కడే గ్లాసు నీళ్ళడిగింది. డాక్టరమ్మ, రాత్రికి వేసుకోవచ్చు లెండి, అంత తొందర లేదంది.

మర్నాడు నాకు రెస్టు. ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను తిండి సంగతి ఎత్తాను. ఆమె దానికి ముందే సిద్ధంగా ఉంది. ఒంటరిగా కంచం ముందేసుకుని కూర్చుంటే ఇల్లంతా బోసిగా ఉంటుందని, నోట్లో పెట్టుకున్నది నోట్లోనే తిరుగుతుందని చెప్పింది. నేను లైను మీద ఎండలో ఆకలితో ఉంటే తను నీడన కూర్చుని తినడం తనవల్ల కాదంది. మొండితనం అందామంటే అందులో మొండితనం లేదు. నాతో ఎన్నేళ్ళుగానో కలిసి తినడానికి అలవాటు పడ్డ మనిషి.

నేనూ ఓ కాయ తీసుకుని ఈనె లాగాను. తరవాత నా భయం చెప్పాను. నిన్న సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు నువ్వు తిన్నావనే అనుకున్నాను, అందుకే నిమ్మళంగా ఉన్నాను అన్నాను. "ఇకమీద నాకు ఆ నమ్మకం ఉండదు. బండి మీద నా మనసు ఇక్కడ గడప దగ్గర ఉంటే కళ్ళకి సిగ్నల్ కనపడదు. నువ్వు రైలు మనిషి కూతురివి. నీకు నేను వేరే చెప్పాలా?"

ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. వాళ్ళ నాన్న ఉద్యోగం ఆఖరి రోజుల్లో షెడ్‌లో చెయ్యి నలిగి పడ్డ బాధ ఆమె చూసింది. ఏమరుపాటు అంటే ఏమిటో ఆ ఇంట్లో తెలియంది కాదు.

"అలగైతే నాకూ ఓ డబ్బా కట్టుకుంటాను," అంది చివరికి. "నీది కట్టినప్పుడే."

ఆ ఆలోచన నాది కాదు, ఆమెదే. మర్నాటి నుంచి నా టిఫిన్ డబ్బాతో పాటు అలాంటిదే ఇంకోటి సర్దేది. రెంటిలోనూ ఒకే కూర, ఒకే అన్నం, ఉప్పు తక్కువే. నాది సంచిలోకి, తనది గట్టు మీదకి. సూది వేసుకున్నాక ఆ డబ్బా విప్పి తినేది. కంచంలో పెట్టుకుంటే ఒంటరిగా ఉన్నట్టుందని, డబ్బాలోంచి తింటే నేను కూడా ఎక్కడో అదే తింటున్నట్టుందని చెప్పింది. నేను ఆ సమయానికే తింటానని మాటివ్వలేదు, బండి కదులుతుంటే తినలేను కదా. ఆమె కూడా అడగలేదు. డ్యూటీ దిగి ఫోను తెరవగానే, తిన్నావా అని అడిగేవాణ్ణి. ఆమె "తినీసాను" అనేది. ఇప్పుడు ఇల్లు చేరేసరికి ఒక డబ్బా కడిగి బోర్లించి ఉండేది. మొదట్లో నేను అనుమానంగా చూసేవాణ్ణి. నన్ను చూసి ఆమె నవ్వి, కూరలో ఏ ముక్క గట్టిగా ఉడకలేదో చెప్పేది.

ఆ తరవాత మాకు పెద్ద పల్టీలేమీ రాలేదు. చిన్నవి వచ్చాయి. వణుకు మొదలవ్వగానే తనే గుర్తుపట్టి చక్కెర నోట్లో వేసుకునేది. పక్కింటావిడకి కూడా ఎప్పుడేం చెయ్యాలో నేర్పింది. కిడ్నీ రిపోర్టు ఒకసారి కాస్త దిగజారుతుంది, ఒకసారి అక్కడే నిలబడుతుంది. డాక్టరమ్మ ఏ మాటా ఇవ్వదు. నిలబడిన రోజు మాత్రం ముఖం తేటగా ఉంటుంది. ముందుముందు డయాలసిస్ రావచ్చని మాకు తెలుసు. ఆ మాట మా ఇంట్లో అనకూడనిదేమీ కాదు. వచ్చినప్పుడు నేను రిటైరై ఉంటాను, వారానికి ఎన్నిసార్లయినా తోడొస్తానని ఓసారి అన్నాను. "నువ్వొస్తావు సరే, టైముకొస్తావా?" అంది.

మొన్నామధ్య దయాల్‌బంద్‌లో మా ఆవిడ చుట్టాలింట్లో నిశ్చితార్థమైంది. మా వాళ్ళింట్లో వేడుకంటే ముందు మగవాళ్ళు, పెళ్ళివారు, ఆ తరవాత పిల్లలు, ఆఖరున ఆడవాళ్ళు. అందులోనూ ఇంటి ఆడపడుచులు అందరి ఆకులూ ఎత్తాకే కూర్చోవాలి. ఆమె లోపలి గదిలోకెళ్ళి రాత్రి సూది వేసుకుని వచ్చింది. మొదటి పంక్తి అప్పుడే వేస్తున్నారు. నేను చూస్తుండగానే పెళ్ళివారి మగవాళ్ళ పక్కన ఖాళీగా ఉన్న చోటులో వచ్చి కూర్చుని, తనకో ఆకు వెయ్యమంది.

వడ్డించేవాళ్ళు ఆగారు. వాళ్ళ పెద్దమ్మ, ఆ ఇంటి పెద్ద, స్తంభం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఏటమ్మా ఇది అన్నట్టు చూసింది.

"సూది వేసుకున్నాను పెద్దమ్మా. ఆగకూడదు," అంది మా ఆవిడ. గొంతు పెంచలేదు, దించనూ లేదు.

ఆకు పడింది. ఆమె పప్పు కొంచెమే వెయ్యమని, వడియాలూ పచ్చడీ వద్దని, అన్నం ఇంకొంచెం వెయ్యమని చెప్పి తినడం మొదలుపెట్టింది. నేను వెనకే గోడవారగా నిలబడి ఆమె ముద్ద కలుపుకోవడం చూస్తున్నాను. నాకు ఆకలిగానే ఉంది గాని అక్కణ్ణుంచి కదల బుద్ధి కాలేదు.

కాసేపటికి పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. కర్ర ఆనించుకుంటూ వరస వెంట మెల్లగా నడిచి మా ఆవిడ పక్కన ఆగింది. వంగి, మా ఇద్దరికీ మాత్రమే వినపడేట్టు చెప్పింది.

"సాయంత్రం షుగరు మాత్రేసుకున్నానే. ఇందాకటి నుంచి చేతులు వణుకుతున్నాయి. ఎవరికి చెప్పను?"

మా ఆవిడ ముద్ద ఆపి, ఎడం చేత్తో తన ఆకు పక్కకి లాక్కుని చోటిచ్చింది. వడ్డించే పళ్ళెంలోంచి ఓ లడ్డూ ముక్క తీసి ముందు పెద్దమ్మ నోట్లో పెట్టి, ఇంకో ఆకు తెమ్మని నా వైపు చూసింది.